మా ఇంటి ముందు మటుకే తిన్నని వీధి

మొన్న రాజమండ్రి వెళ్లినప్పుడు మా పుట్టింటి గోడ మీద ఎవరో ఎర్రరంగుతో పెద్ద గుర్తు వేసి ఉండటం చూశాను. మా తమ్ముడి కొడుకు ఆ గుర్తు ముందు నిలబడి మునిసిపాలిటీ వారిని పేరుపేరునా తిడుతున్నాడు. ఊరు పెరుగుతోందట. మోటారు బస్సులకి దారి చాలటం లేదట. అందుచేత మా గోడ ఇంకో ఆరడుగులు వెనక్కి జరగాలట. "పక్కింటి జోలికి పోరు, ఆ పక్కింటి జోలికీ పోరు అత్తయ్యా, వీళ్ల కళ్లకి మన గోడే కనిపిస్తుంది," అని వాడు గింజుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. "నీకు నవ్వులాటగా ఉందా?" అని కోప్పడ్డాడు. నవ్వులాటేం కాదు నాయనా. ఈ ఇంటికి మునిసిపాలిటీ మాటంటే ఉన్న భక్తి మీ తాతగారి నాటిది. ఊళ్లో ఎవరూ వినని మాట మనం ఒక్కసారి విన్నాం, అప్పట్నుంచీ వాళ్లు మన మీద ఆశ వదులుకోలేదు.

మా నాన్న జిల్లా కోర్టులో ఇంగ్లీషు నకళ్లు రాసే గుమాస్తా. అది జీతం పుచ్చుకుని చేసే ఉద్యోగం. జీతం లేకుండా ప్రాణం పెట్టి చేసే ఉద్యోగం ఇంకొకటి ఉండేది. ఊళ్లో ఎవరు ఎక్కడ ఇటిక మీద ఇటిక పేర్చినా వెళ్లి నిలబడి చూడటం, చూసి ఊరుకోకుండా సలహా చెప్పటం. అప్పుడు గోదావరి మీద రైలు వంతెన కడుతున్నారు. స్టేషను లేస్తోంది. అంతవరకూ పడవల మీదా ఎడ్లబళ్ల మీదా తాపీగా నడిచిన ఊరికి ఉన్నట్టుండి తొందర పట్టుకుంది. కోర్టు నుంచి రాగానే తలపాగా చిలక్కొయ్యకి తగిలించి, గొడుగు చంకన పెట్టుకుని నాన్న గోదావరి గట్టుకి బయల్దేరేవారు. మేస్త్రీలందరూ ఆయనకి తెలుసు. ఆయన సలహా పాటించిన మేస్త్రీ ఒక్కడైనా ఉన్నట్టు నాకు తెలియదు. పొద్దుగూకేవేళకి పంచె అంచు నిండా సున్నంతో, జుట్టులో ఇసకతో తిరిగొచ్చేవారు. గుమ్మంలో అమ్మ చెంబుతో నీళ్లు పెట్టి ఉంచేది. నాన్న కాళ్లు కడుక్కుంటుంటే గానుగసున్నం తడివాసన వసారా అంతా కమ్ముకునేది. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త ఇంటికి సున్నం కలుపుతుంటే నాకు నాన్న ఇంటికొచ్చినట్టే ఉంటుంది.

కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చున్న వాళ్లమ్మకి ఆ రోజు పనులన్నీ అప్పజెప్పేవారు. "ఇవాళ నది మధ్యలో ఇంకో నుయ్యి దింపుతున్నారమ్మా," అనేవారు. మామ్మ వత్తులు చేసుకుంటూ తలెత్తకుండా, "గోదాట్లో నుయ్యేమిట్రా? ఉన్న నీళ్లు చాలకనా?" అనేది. వంతెన స్తంభాలకి పునాది అలాగే వేస్తారనీ, ఇటికలతో పెద్ద నుయ్యిలాగా కట్టి, లోపలి ఇసక తోడుతుంటే అది తన బరువుకి తనే కిందికి దిగుతుందనీ నాన్న రెండు చేతులూ తిప్పి అభినయించి చూపించేవారు. ఈ అభినయం నెలకి పదిసార్లు జరిగేది. పదిసార్లూ మామ్మ అదే ప్రశ్న వేసేది. ఆవిడకి అర్థం కాక కాదు, కొడుకు చేతులు తిప్పుతూ చెబుతుంటే చూడాలని అడిగేదని నాకు చాలా పెద్దయ్యాక గానీ తట్టలేదు. వంతెనకి పిల్లల్ని బలిస్తున్నారని ఊరంతా గుప్పుమన్నప్పుడు అమ్మ నన్ను గడప దాటనిచ్చేది కాదు. "దీన్ని గానీ ఆ స్తంభంలో పెట్టారంటే వంతెన పగలూ రాత్రీ వాగుతూ ఉంటుందే, దొరలు పడలేరు," అని మామ్మ అమ్మకి ధైర్యం చెప్పింది.

మామ్మకి ఆ అరుగే ఊరు. తాతగారు పోయాక ఆవిడ బయటికి వెళ్లిందంటే గోదావరి స్నానానికే, అదీ తెల్లవారకుండా వెళ్లి నలుగురి కంటా పడకుండా తిరిగి రావటం. భర్త పోయిన ఆడది ఎదురొస్తే శకునం బాగుండదని ఊరి పెద్దల అభిప్రాయం. ఆ పెద్దలే కాగితం ముక్క చేతపట్టుకుని, ఫలానా పనికి ముహూర్తం ఎప్పుడు పెట్టుకోమంటారని ఆవిడనే అడగటానికి మా అరుగెక్కేవారు, అది వేరే సంగతి. మోకాళ్లు పట్టేశాక ఆ స్నానమూ పోయింది. దొడ్లో నూతి దగ్గరే నాలుగు చెంబులు పోసుకుని, మధ్యాహ్నం భోజనమయ్యాక పత్తిబుట్టతో అరుగు మీదికొచ్చేది. ఎర్రమట్టి అలికి, అంచు వెంబడి ముగ్గు గీసిన వెడల్పాటి అరుగు. ఆవిడ వీపు ఆని ఆని తాటి స్తంభం ఒకచోట నున్నగా తేలింది, కూచునేచోట కాస్త గుంటపడింది. అక్కణ్ణించే కడియం నుంచి వచ్చే కూరలబళ్లన్నీ తనిఖీ చేసేది. "ఏమోయ్, ఆ వంకాయలు పుచ్చులు కావుకదా?" "ఏవమ్మా, పిల్లాడికి జ్వరం జారిందా?" "అల్లుడొచ్చాడటగా, ఎన్నాళ్లుంటాడేమిటి?" మా అమ్మకి ఊళ్లో సంగతి ఏది కావాలన్నా బజారుకి మనిషిని పంపక్కర్లేదు, వీధి తలుపు తీస్తే చాలు.

స్టేషనుకి దగ్గరదారి మా వీధి. స్టేషను పూర్తికాకముందే సామాను బళ్లు మొదలయ్యాయి. ఎదురెదురుగా రెండు బళ్లొస్తే ఒక బండి వీధి మొదలుదాకా వెనక్కి నడవాల్సిందే, ఎవరు నడవాలన్నది తేలేసరికి అరగంట. ఇది చూసి నాన్న ఊరుకోగలరా? ఇంగ్లీషులో అర్జీ రాశారు. ముత్యాల్లాంటి అక్షరాలు. వీధి తిన్నగా, వెడల్పుగా ఉండాలి, పక్కన మురుగుకాలవ ఉండాలి అని దాని సారాంశం. ఇంటింటికీ తీసుకెళ్లి చదివి, తెలుగులో అర్థం చెప్పి, సంతకాలు చేయించారు. ఒక్కరంటే ఒక్కరూ కాదనలేదు. అది తన వాక్చాతుర్యమని నాన్న అనుకున్నారు. అసలు సంగతి ఏమిటంటే, వీధిలో వంకరంటూ ఉంటే అది ఎదుటివాడి అరుగు వల్లేనని ప్రతివారికీ గట్టి నమ్మకం. ఎదుటివాడి అరుగు తీసేస్తామంటే సంతకమేమిటి, కాఫీలు ఇచ్చి మరీ చేస్తారు, అప్పటికి మా వీధిలో కాఫీ అలవాటే ఉండి ఉంటే.

అర్జీ ఏదో మూల పడి ఉంటుందిలే అనుకుంటుంటే, ఒకరోజు పొద్దున్నే మునిసిపాలిటీ ఓవర్సీరు కొలతగొలుసు పట్టించుకుని దిగాడు. వెనకాల ఇద్దరు మనుషులు సున్నపు గీత గీసుకుంటూ వచ్చారు. ఆ గీత పక్షపాతమెరగదు. రెండు వరసల్లోనూ ఒక్క అరుగునీ వదల్లేదు. నెల లోపల ఎవరి అరుగులు వాళ్లు తీసేసుకోవాలని హుకుం. మా ఇంటి దగ్గరకొచ్చేసరికి గీత మామ్మ ఆనుకునే స్తంభానికి కూడా వెనకగా, తలుపుకి జానెడు దూరంలో పోయింది. మా ఇంటికి ఎదురు ఇల్లు లేదు, ఒక వకీలుగారి పెరటిగోడ ఉంది. ఆ పొడుగాటి ఇటికగోడ జరగటానికి వీల్లేదని ఓవర్సీరు తేల్చాడు కాబట్టి, ఆ జరగటమేదో రెండువైపులదీ మేమే జరగాలి.

ఆ సాయంత్రం నాన్న గట్టుకి వెళ్లలేదు. అరుగు చివర గొడుగు పట్టుకుని కూర్చున్నారు. "ఏరా, ఇవాళ నుయ్యి దిగలేదా?" అంది మామ్మ.

"మన అరుగు తీసెయ్యాలటమ్మా."

మామ్మ చేతిలో వత్తి ఆగింది. "మనదొక్కటేనా?"

"అందరిదీనమ్మా. వీధి వీధంతా."

"కామరాజుదీనా?" కామరాజుగారంటే మా పక్కింటాయన, కోర్టులో అమీను పని చేసి మానుకున్నాయన. ఆయన అరుగు మా అరుగుకి పెద్దన్న.

"ఆయనదీను."

"మరి వెంకాయమ్మ ఎక్కడ కూచుంటుందిరా పాపం?" వెంకాయమ్మగారు కామరాజుగారి భార్య. మామ్మ కాసేపు అరుగుని అరచేత్తో రాసింది. "అందరివీ పోతుంటే మనదొక్కటీ పట్టుకుని కూచుంటే ఏం బావుంటుంది? కానియ్. నువ్వడిగిన రోడ్డే కదా," అంది. ఆ మాటతో నాన్న మొహం తేటపడింది. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఏది ముందొస్తుందో ఆ రోజుని బట్టి.

కామరాజుగారు పిట్టగోడ మీంచి తల పెట్టి, "కాస్త నెమ్మది మీద చేద్దామండీ పంతులుగారూ. నెల గడువుంది కదండీ. తొందరేముందండీ?" అన్నారు. కోర్టు జప్తులు చేయించి చేయించి జుట్టు నెరిసినాయన. ప్రభుత్వం వారి గడువు అంటే ఏమిటో ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. నాన్నకి ఆ సూచన అందితేగా! "మొదటి సంతకం నాదండీ కామరాజుగారూ. మొదటి పలుగు కూడా మా అరుగు మీదే పడాలి," అన్నారు, పెళ్లికి ముహూర్తం పెట్టిస్తున్నట్టు. మర్నాడే ఇద్దరు మనుషుల్ని పెట్టించారు. మామ్మ వంటింట్లో కూచుని ఆ పూటంతా అక్కర్లేని కూర తరిగింది. మధ్యాహ్నానికి అరుగు మట్టికుప్ప అయింది. స్తంభాన్ని దొడ్లో గోడకి చేరేశారు. ఓవర్సీరు వచ్చి చూసి నాన్న చెయ్యి పట్టుకుని ఊపేశాడు, తమలాంటి పౌరులు ఊరికి పదిమంది ఉంటే చాలన్నాడు. పదిమంది అక్కర్లేదు, రెండో వాడు దొరికితే చాలునని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

ఆపై శుక్రవారం పొద్దున్న కామరాజుగారి అరుగు మీద, సున్నపు గీతకి సరిగ్గా ఇవతల, పసుపు రాసి కుంకం పెట్టిన రాయి ఒకటి వెలిసింది. ముందు రెండు నిమ్మకాయలు, వేపమండ. "అమ్మవారు కల్లోకొచ్చి ఇక్కడే ఉంటానందండీ. నేనేం చేసేదండీ?" అన్నారు కామరాజుగారు, అచ్చంగా చేతులు కట్టుకుని. శనివారం నాటికి మాకు రెండోవైపు పక్కింట్లో ఆంజనేయుడు సిందూరం పూసుకుని నిలబడ్డాడు. ఆదివారం ఎదురు వరసలో నాగేంద్రుడు. దేవుళ్లు దొరకనివాళ్లు తులసికోటలు కట్టారు. మలుపులో ఉండే మిషను స్కూలు మేష్టారికి ఈ సదుపాయం లేదు, క్రైస్తవులు. ఆయన అరుగు మీద రెండు బెంచీలు వేసి ప్రార్థన కూటం మొదలెట్టారు. వారం తిరిగేసరికి మా వీధంత పుణ్యక్షేత్రం ఉభయ గోదావరుల్లో లేదు. ఓవర్సీరు వచ్చాడు, చూశాడు, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని వీధి చివరిదాకా దణ్ణాలు పెట్టుకుంటూ నడిచాడు, వెళ్లిపోయాడు. నాన్న మునిసిపల్ ఆఫీసుకి పరిగెత్తారు. "దేవుళ్ల జోలికి మేం రామండీ. మీరు మాత్రం భేషుగ్గా చేశారండీ," అన్నారట అక్కడ.

మంజూరైన పని మంజూరైనట్టే చెయ్యాలి కదా, కాలవ తవ్వటానికి కూలీలొచ్చారు. వీధి మొత్తంలో తవ్వటానికి వీలున్న చోటు ఒక్కటే. కాబట్టి మా ఇంటి పొడుగున, అటు కామరాజుగారి అరుగు దగ్గర మొదలై ఇటు ఆంజనేయుడి దగ్గర ఆగిపోయేలా, బహు చక్కని కాలవ తవ్వి, రాతి కట్టడం చేసి వెళ్లిపోయారు. దానికి పై నుంచి నీళ్లొచ్చే దారిలేదు, కిందికి పోయే దారిలేదు. వానొస్తే వీధి నీళ్లన్నీ అందులోకి వచ్చి నిలిచేవి. ఊళ్లో దోమలన్నీ మా అతిథులు. వెడల్పయిన చోటు మాదే కాబట్టి బళ్లన్నీ మా గుమ్మం ముందే ఆపి ఎడ్లని విప్పేవారు. ఇంట్లోకి రావాలంటే పేడ దాటి, కాలవ మీద చెక్క దాటి రావాలి. ఇది నాన్న అర్జీకి కలిగిన ఫలం.

మామ్మ ఇప్పుడు గడప లోపల పీట వేసుకుని కూచునేది. తలుపు వెడల్పున ఎంత వీధి కనిపిస్తే అంత. ఎదురుగా వకీలుగారి ఇటికగోడ. ఆవిడ ఎవరినైనా పలకరించే లోపలే వాళ్లు తలుపు దాటిపోయేవారు. మొదటి వారం పిలిచింది, తరవాత మానేసింది. నాన్న నన్నూ అమ్మనీ దొడ్లోకి పిలిచి, స్తంభం పక్కన నిలబడి, "అమ్మకి చెప్పకండి. అందరివీ పోయాయనే అనుకోనివ్వండి," అన్నారు. ఆయన అలా బతిమాలినట్టు మాట్లాడటం నేను అదే మొదటిసారి వినటం.

మామ్మకి తన అరుగు బెంగ కన్నా పక్కింటి బెంగ ఎక్కువైంది. "వెంకాయమ్మకి నడుంనెప్పి, లోపల గాలాడదు, దాన్ని ఇక్కడికి రమ్మనవే," అని నన్ను పంపింది. వెంకాయమ్మగారు తన అరుగు మీద దర్జాగా కూచుని, అమ్మవారి నైవేద్యానికి పప్పు ఏరుతోంది. నేను సంగతి చెప్పాను. ఆవిడ చేట పక్కన పెట్టి, నా మొహంకేసి చూసి, లేచి వచ్చింది. ఆ రోజు నుంచీ ప్రతి మధ్యాహ్నం తన అరుగు వదిలి, మా చెక్క దాటి, మామ్మ పక్కన ఉక్కలో కూచునేది. "అలవాటైందా వెంకాయమ్మా, అరుగు లేకుండా?" అని మామ్మ అడిగితే, "ఏదో, అవుతోందండీ పిన్నిగారూ," అనేది తల వంచుకుని. ఆ దేవత కోసం కామరాజుగారు కాకినాడ నుంచి కంచుగంట తెప్పించారు. ఒకరోజు అది గణగణా మోగింది. "ఆ గంటెక్కడిదే?" అంది మామ్మ. వెంకాయమ్మగారు విసనకర్ర ఆపేసింది. "గుళ్లోది మామ్మా," అన్నాను నేను. "అవునా? వీధి తిన్ననయ్యాక ఎంత దగ్గరగా వినిపిస్తోందో చూశావా," అంది మామ్మ. ఆవిడకి తెలుసో తెలియదో నేను ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను.

వంతెన మీద మొదటి రైలొచ్చిన రోజు ఊరంతా గట్టు మీదే ఉంది. నాన్న తలనొప్పి అని ఇంట్లో ఉండిపోయారు. ఒక్కో నుయ్యి ఎన్నిరోజులకి దిగిందో నోటికి చెప్పగల మనిషి! రైలు కూత వినిపించగానే, "వెళ్లకపోయావా?" అంది మామ్మ. "మళ్లీ వస్తుందిలేమ్మా, రోజూ వచ్చేదేగా," అని ఆవిడ పీట పక్కన కింద కూలబడ్డారు. మామ్మ ఆయన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని, "గోదాట్లో నుయ్యెలా దింపారో మళ్లీ చెప్పరా," అంది. నాన్న చెప్పారు గానీ చేతులు తిప్పలేదు.

ఇప్పుడు కామరాజుగారి అరుగు మీది ఆ రాయికి చిన్న గోపురం లేచింది, ఇనప కటకటాలు పెట్టారు. బస్సులన్నీ అక్కడికొచ్చి వంగి తిరిగి పోతాయి. కండక్టర్లు ఒక చేత్తో కడ్డీ పట్టుకుని రెండో చేత్తో దణ్ణం పెడతారు. చదువుకున్నవాళ్లు ఆ దేవత వెయ్యేళ్లనాటిదని చెబుతుంటే విన్నాను. ఇంగ్లీషు రాతా, అర్జీలూ, ఆఫీసులూ అన్నీ అప్పటికన్నా ఎక్కువయ్యాయి. వీధి మటుకు మా ఇంటి ముందే తిన్నగా ఉంది. "నన్నేం చెయ్యమంటావు అత్తయ్యా? తాతగారిలాగ ముందుగా కొట్టించెయ్యనా?" అన్నాడు మావాడు ఎర్రగుర్తుని గోటితో గీకుతూ. "మంచి రాయి చూసి పసుపు రాయరా," అన్నాను. వాడు నేను హాస్యమాడుతున్నాననుకున్నాడు. నేను మనస్ఫూర్తిగా అన్నాను.

ఎందుకన్నానో వాడికి చెప్పలేదు. రైలొచ్చిన ఆ ఏడే, వానలు ముగిసిన రోజుల్లో మామ్మ పోయింది. ఎన్నో ఏళ్ల తరవాత ఆవిడ పగటివేళ వీధిలోకి రావటం అదే. మేం ఆడవాళ్లం గుమ్మంలో నిలబడిపోయాం. అందరికన్నా ముందుగా వెంకాయమ్మగారి ఏడుపే వినిపించింది. నలుగురూ పాడె ఎత్తుకుని చెక్క దాటారు. నాన్న నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచి, మా తిన్నని వీధి అయిపోయిన చోట, కామరాజుగారి అరుగు దగ్గర ఆగిపోయారు. అక్కణ్ణించి మలుపుదాకా రెండువైపులా అరుగులు, అరుగుల నిండా నిలబడి చూస్తున్న జనం. నాన్న వెనక్కి తిరిగి మామ్మ మొహంకేసి చూశారు.

"అమ్మ మొహం మీద గుడ్డ కప్పండి," అన్నారు. మోసేవాళ్లు అర్థంకానట్టు చూశారు. "ఎండగా ఉంది. మలుపు దాటాక తీద్దురుగాని."

ఎండ అప్పటికింకా మా వీధిలోకి రాలేదు.